నిమ్మకాయల మీద డంపర్

మా ఇంటి ముందు వరండాకు మా ఆయన పెట్టిన పేరు కబాడీ దుకాణం. ఈ గని ఊరు బచేలిలో పాత సామాన్లు కొనేవాణ్ణి తెలుగువాళ్ళం కూడా కబాడీవాలా అనే అంటాం. అతను సైకిల్ నడిపించుకుంటూ మా లైన్లో ప్రతి క్వార్టర్ ముందూ కేక వేస్తాడు గానీ మా గేటు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని ముందుకు పోతాడు. నా దగ్గర బేరం కుదరదని అతనికి ఎప్పుడో అర్థమైపోయింది. అరిగిన హవాయి చెప్పులు, ఖాళీ నూనె డబ్బాలు, సీసా మూతలు, సిరా అయిపోయిన పెన్నులు, గుడ్డ ఊడిపోయిన గొడుగు, ఏదీ నేను వదలను. వాటితో మా లైన్లోని చిన్నపిల్లలకు బొమ్మలు చేస్తాను. తప్పు చెప్పాను, పిల్లల చేత చేయిస్తాను.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్ళయి ఈ ఇనుప కొండల కిందికి వచ్చాక ఇక్కడే జుట్టు నెరిసింది. మా ఆయన పైన గనిలో ఖనిజం మోసే పెద్ద లారీలు, డంపర్లు బాగుచేసే మెకానిక్కు. మా అబ్బాయి చిన్నగా ఉన్నప్పుడు మొదలైన ఈ బొమ్మల పిచ్చి, వాడు రాయ్‌పూర్‌లో ఉద్యోగంలో చేరాక కూడా వదల్లేదు. గీదం బజారులో రంగురంగుల బొమ్మలు బోలెడు దొరుకుతాయి. బటన్ నొక్కితే బొమ్మే నవ్వుతుంది, బొమ్మే పాడుతుంది, బొమ్మే గంతులేస్తుంది. ఇక పిల్ల చేయడానికి ఏం మిగిలింది, నోరు తెరుచుకుని చూడ్డం తప్ప? వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా బండి తయారీ చాలా సులువు. పాత చెప్పు మీద స్టీలు గ్లాసు బోర్లించి చుట్టూ గీస్తే చక్రం. గీయడం పిల్లల పని, కోయడం నా పని. కాల్చిన మేకుతో నడుమ చిల్లి పెడతాను. డబ్బా అడుగున పెన్ను గొట్టం కట్టి, అందులోంచి కొబ్బరి చీపురు పుల్ల దూర్చి, అటొక చక్రం ఇటొక చక్రం గుచ్చితే ఇరుసు సిద్ధం. తోయగానే చక్రం తిరుగుతుంది చూడండి, అప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడ్డానికే నేను ఇంత చెత్తనూ ఇంట్లో పెట్టుకున్నాను. ఒడియా పిల్లలు, బిహారీ పిల్లలు, హల్బీ మాట్లాడే పిల్లలు, మన తెలుగు పిల్లలు, అందరికీ కలిపి భాష హిందీ. తెలుగు పిల్లలకు అమ్మమ్మను, మిగతా అందరికీ నానీని.

నాకు ముక్కు మీద కోపం అని లైనంతా తెలుసు. బొమ్మ విరిగిందని ఏడుస్తూ వచ్చిన పిల్లను నేను ఎత్తుకుని ముద్దు చేయను. "విరిగితే ఏటి? చేసింది నువ్వే గదా, మళ్ళీ చెయ్యి" అంటాను. కాసేపు నన్ను కోపంగా చూసి, ముక్కు తుడుచుకుని, డబ్బాల కుప్ప దగ్గరికి పోతారు.

ఒక ఏడు వానలు మొదలయ్యాక పక్క క్వార్టర్లోకి ఒక డంపర్ డ్రైవరు సంసారం దిగింది. ఆ అబ్బాయిని మా ఆయన ఎరుగుదురు. అంతకుముందు పెళ్ళికాని కుర్రాళ్ళతో కలిసి హాస్టల్లో ఉండేవాడు. భార్యది సరిహద్దులో తెలుగు మాట్లాడే ఊరు మరైగూడ. పొలం పనులు, ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోయడం, అన్నిటికీ ఆ అమ్మాయి అక్కడ కావాలి కాబట్టి పిల్లతో పుట్టింట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు క్వార్టర్ వచ్చింది, నాలుగేళ్ళ కూతురికి బడి ఈడు వస్తోంది. ఇక ముగ్గురూ ఒకచోట ఉందామని తీసుకొచ్చాడు. సామాను దించుతున్నంతసేపూ అతని ముఖంలో పండగ కనిపించింది.

పిల్ల వచ్చిన రోజే మా వరండా ఎక్కింది. ఎవరూ పిలవలేదు. దొర్లుతున్న ఒక చెప్పు చక్రం వెంట పడి వచ్చింది. సన్నగా, నల్లగా, కళ్ళు ముఖం కంటే పెద్దవి. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా మిగతా పిల్లల మధ్య చొరబడి కూర్చుని, నా చేతిలోని కత్తెర వంక చూసి, "నాగ్గూడ ఒకటి" అంది. నాకు ఆ పిల్ల వెంటనే నచ్చేసింది.

మర్నాడు సాయంత్రం షిఫ్టు బస్సు దిగి తండ్రి వచ్చాడు. ఇక్కడి గనిలో పనిచేసేవాళ్ళను మీరు చూసి ఉండకపోతే చెప్పాలి. ఆ ధూళి ఎరుపు మామూలు ఎరుపు కాదు. కనుబొమ్మలు, చెవుల మడతలు, గోళ్ళ సందులు, అంతా ఇటుక పొడి అద్దినట్టు ఉంటుంది. మాకది అలవాటు. ఆ పిల్ల మాత్రం అతన్ని చూడగానే నా కుర్చీ వెనక్కి పోయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. అతను చేతులు చాపి, "రా బిడ్డా" అన్నాడు. పిల్ల ఇంకా లోపలికి దూరింది. అతను ఆ చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే నిలబడి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"ఎవరే అతను?" అన్నాను.

"ఎర్రాయన."

"మీ నాన్న కాదేటి?"

పిల్ల నన్ను జాలిగా చూసింది. "కాదు. నాన్న ఫోన్ల ఉంటడు" అంది.

తల్లి చెప్పాక గానీ నాకు సంగతి బోధపడలేదు. ఊళ్ళో వాళ్ళ ఇంటి దగ్గర సిగ్నల్ అందదు. రోజూ పొద్దు వాలే వేళ రోడ్డు పక్క గుట్ట ఎక్కితే గానీ ఫోను మాట్లాడదు. తల్లి చంకలో ఎక్కి గుట్ట మీదికి పోవడం, స్పీకర్ పెట్టుకుని నాన్నతో కబుర్లు చెప్పడం, ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే అలవాటు. కోడి గుడ్లు పెట్టిందని, మేక తన గౌను నమిలిందని అన్నీ నాన్నకే చెప్పేది. అతను సెలవు దొరికినప్పుడు వెళ్ళేవాడు గానీ, పిల్ల ఈ కొత్త మనిషికి అలవాటు పడేలోపు మళ్ళీ బస్సెక్కేవాడు. మర్నాడు గుట్ట మీద, "నాన్నా, నిన్న ఒకాయన వచ్చిండు" అని అతనికే చెప్పేదట. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మధ్యాహ్నం అతను కొండ మీది క్యాంటీన్ నుంచి ఫోన్ చేస్తే ఈ పిల్ల మా వరండాకు వినిపించేలా కిలకిలా నవ్వుతూ మాట్లాడేది. సాయంత్రం అదే మనిషి ఇంటికొస్తే గ్యాస్ సిలిండర్ వెనక దాక్కునేది. అతను జామకాయ తెస్తే తల్లి చేతి నుంచి అయితేనే తీసుకునేది. అన్నిటికంటే నా గుండె చివుక్కుమన్నది ఒకరోజు అతని ముందే తల్లిని, "నాన్న ఎప్పుడొస్తడు?" అని అడిగినప్పుడు. అతను పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

తన ఎరుపు చూసే భయపడుతోందని అనుకున్నాడు పాపం. ఒకనాడు షిఫ్టు దిగి తిన్నగా మా గేటు తీసుకుని వచ్చాడు. "పెద్దమ్మా, మీ కొళాయి కాడ జర కడుక్కొని పోతా. గిట్ల పోతే బిడ్డ జడుసుకుంటంది" అన్నాడు. నేనేమంటాను? అప్పటి నుంచి రోజూ అతని స్నానం మా కొళాయి దగ్గరే. సగం కొబ్బరి చిప్పలో సబ్బు పెట్టి మా పిట్టగోడ మీద ఉంచుకున్నాడు. ఒళ్ళంతా తోముకుని, సంచిలో తెచ్చుకున్న తెల్ల చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకు పోతున్నట్టు తల దువ్వుకుని ఇంటికి వెళ్ళేవాడు. అయినా పిల్ల అతన్ని ఎర్రాయన అనే అనేది, సిలిండర్ వెనకే దాక్కునేది.

"పిల్లదానికి అలవాటు కావద్దా? ఊరికే కంగారు పడతావేం" అన్నారు మా ఆయన. ఆయనకు ఇంజన్లతో ఉన్న ఓపిక నాకు మనుషులతో లేదు. అతను అలా రోజూ సబ్బు అరగదీసుకోవడం నేను చూడలేకపోయాను. ఈ పిల్ల అతన్ని నాన్నా అని ఎదురుగా పిలిచేలా చేసి తీరాలనుకున్నాను.

నాకొక గొప్ప ఉపాయం తోచింది. రెండు కాగితపు టీ కప్పులు తీసుకుని, అడుగున చిల్లులు పెట్టి, కుట్టుదారం దూర్చి, అగ్గిపుల్ల ముక్కలతో బిగించి పిల్లల చేత దారం ఫోన్ చేయించాను. ఒక కప్పు పిల్ల చెవికి పెట్టాను. రెండోది చేతికిచ్చి తండ్రిని మా గేటు పక్క కానుగ చెట్టు వెనక నిలబెట్టాను. "బిడ్డా" అన్నాడతను. పిల్ల ముఖం వెలిగిపోయింది. "నాన్నా!" అంది. నా తెలివికి నేనే మురిసిపోయి, అతన్ని మెల్లగా చెట్టు చాటు నుంచి ఇవతలికి రమ్మని సైగ చేశాను. దారం ఎటు పోయిందో చూసుకుంటూ వచ్చిన పిల్ల, రెండో కొసన ఉన్న మనిషిని చూసింది. కప్పు పడేసి, "ఎర్రాయన నాన్న ఫోన్ గుంజుకున్నడు!" అని లైనంతా వినిపించేలా ఏడ్చింది. ఆ తర్వాత రెండు పూటలు నాతో కూడా మాట్లాడలేదు. మా ఆయన మాత్రం ఆ రోజంతా ఏమీ అనకుండా మీసాల చాటున నవ్వుకుంటూ తిరిగారు. ఏదైనా అని ఉంటేనే నాకు నయంగా ఉండేది.

విశ్వకర్మ పూజ దగ్గర పడింది. ఇక్కడ మాకు అంతకంటే పెద్ద పండగ లేదు. ఆ రోజు గని ఆగిపోతుంది. డంపర్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండిని ఒక్క మూర ముందుకు నడిపి వాటిని తొక్కించి మళ్ళీ ఆపేస్తారు. ఇక ఆ రోజుకు ఏ పనిముట్టూ ముట్టుకోరు. ఆడవాళ్ళనూ పిల్లలనూ బస్సుల్లో కొండ మీదికి తీసుకెళ్ళి యంత్రాలన్నీ చూపిస్తారు. కింద మా ఇళ్ళలోనూ అదే పద్ధతి. మా ఆయన స్పానర్ల నుంచి నా కత్తెర, సూది, కత్తిపీట దాకా అన్నీ పీట మీద పూజలో ఉంటాయి. కూరలు ముందురోజే తరిగి పెట్టుకుంటాను. ఈ విషయంలో నేను మహా పట్టింపు మనిషిని.

"నాన్న డంపర్ నడుపుతడు. నాగ్గూడ డంపర్ కావాలె" అంది పిల్ల. సరే, పూజకల్లా చేద్దామన్నాను. పొడుగాటి నూనె డబ్బాను నేను అడ్డంగా కోస్తే అది మట్టి పోసుకునే తొట్టి అయింది. దాన్ని వెనక్కి ఒరిగేలా దారంతో కట్టాం. టీ పొడి డబ్బా డ్రైవరు గది అయింది. సీసా మూత స్టీరింగు. పిల్ల పసుపుపచ్చ సబ్బు పొడి ప్యాకెట్లు ఏరి చుట్టూ అంటించింది. చక్రాల కోసం తన పాత చెప్పులే తెచ్చింది, చిన్నవి, మడమ దగ్గర అరిగినవి. తొట్టిలో గులకరాళ్ళు పోసి, తాడు లాగి, భళ్ళున ఒంపేసి, అది చేసిన చప్పుడుకు తనే చప్పట్లు కొట్టుకుంది. ప్రతి పనీ మధ్యాహ్నం ఫోన్లో నాన్నకు చెప్పేది. అతను కొండ మీద నుంచి, "ఎనక చక్రాలు గట్టిగుండాలె బిడ్డా, బరువంతా ఆడనే పడ్తది" అని చెప్పేవాడు. సాయంత్రం మా కొళాయి దగ్గర ఒళ్ళు తోముకుంటూ ఆ డంపర్‌ను దూరం నుంచి చూసుకునేవాడు. దగ్గరికి వస్తే పిల్ల దాన్ని ఎత్తుకుని లోపలికి పరిగెత్తేది.

పూజ రోజు మా ఆయన చీకటితోనే కొండెక్కారు. పిల్ల తండ్రి పైన తన బండి పూజ చూసుకుని, భార్యనూ బిడ్డనూ తీసుకెళ్ళడానికి కిందికి దిగాడు. వాళ్ళ పిల్ల అప్పటికే మా వరండాలో ఉంది. అతను తెల్ల చొక్కాతో మా గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వస్తే పిల్ల పారిపోతుందని అతనికి తెలుసు.

పిల్లలందరూ డంపర్‌కు బొట్లు పెట్టారు. నాలుగు బంతిపూలు గుచ్చి దండ వేశారు. అగరొత్తులు వెలిగించాం. తర్వాత నిమ్మకాయలు. నిజం డంపర్ కింద పెట్టినప్పుడు మన బండి కింద పెట్టవద్దా మరి? నేనే నాలుగు నిమ్మకాయలు ఇచ్చాను. నాలుగు చక్రాల కింద నాలుగు పెడితే డంపర్ గాల్లోకి లేచి కూర్చుంది. తాడు లాగారు. నిమ్మకాయలు నాలుగు దిక్కులకూ దొర్లిపోయాయి గానీ ఒక్కటీ నలగలేదు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ దొర్లాయి. నిమ్మకాయ నలగకపోతే బండికి మంచిది కాదని ఒక ఒడియా పిల్ల భయం పెట్టింది. నాన్న బండి అనుకుని చేసుకున్న డంపర్ అది. ఈ పిల్ల ఊరుకుంటుందా? రెండు అరచేతులూ తొట్టి మీద పెట్టి, కాళ్ళు పైకి లేపి, ఒంటి బరువంతా వేసి ఒత్తేసింది.

ఫట్ మంది. వెనక ఇరుసు రెండు ముక్కలైంది, పెన్ను గొట్టం చీలింది, ఒక చక్రం ఎగిరిపోయి గేటు పక్క కాలువలో పడింది. నిమ్మకాయ మాత్రం నిక్షేపంగా ఉంది.

పిల్ల ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది. నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి, ఆ విరిగిన పుల్ల వంక చూస్తూ ఉండిపోయింది. విరిగితే మళ్ళీ చెయ్యి అనే మాట నా నోటి దాకా కూడా రాలేదు. పూజ పీట మీది కత్తెర వైపు నా చెయ్యి దానంతట అదే పోయింది.

"నానీ, ఆజ్ నహీఁ!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. ఈ రోజు ముట్టుకోకూడదని వాళ్ళకు పొద్దుటి నుంచి నూరిపోసింది నేనే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కత్తెర లేదు, మేకు లేదు, సూది లేదు. బస్సు వేళ అవుతోంది.

అప్పుడు ఏడ్చింది పిల్ల. ఏడుస్తూనే, బస్సుకని తయారై వచ్చిన తల్లి కొంగు పట్టుకుని, "నాన్నకు ఫోన్ చెయ్యి. నాన్న బాగు చేస్తడు" అంది.

తల్లి గేటు వైపు చూసింది. అతను కూడా ఆ మాట విన్నాడు. ఆ అమ్మాయి ఇంకేం చేయాలో తెలియక ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నొక్కి పిల్ల చేతికిచ్చింది. గేటు దగ్గర మోగింది. పిల్ల అటు చూడనే లేదు, దాని ప్రాణమంతా చేతిలోని ఫోన్లోనే ఉంది. అతను కానుగ చెట్టు వైపు తిరిగి ఫోన్ ఎత్తాడు.

"ఏంది బిడ్డా, ఏమైంది?"

"డంపర్ ఇరిగింది నాన్నా. నిమ్మకాయ నలగలే. నేను ఒత్తిన. ఇరిగింది."

"ముందు చక్రమా, ఎనక చక్రమా?"

"ఎనక."

"చక్రం ఉన్నదా, పోయిందా?"

"కాల్వల పడ్డది."

అతను ఫోన్ చెవికి పెట్టుకునే వంగి, తెల్ల చొక్కా చేతిని కాలువలో ముంచి, చక్రం తీసి, గడ్డికి తుడిచి, వరండా మెట్టు మీద పెట్టాడు. పిల్ల ఓరగా చూసి ఫోన్లో గుసగుసగా చెప్పింది. "నాన్నా, ఎర్రాయన చక్రం తెచ్చిండు."

అతను మళ్ళీ కానుగ చెట్టు వైపు తిరిగాడు. తర్వాత, "మంచోడేనా?" అన్నాడు.

"ఏమో" అంది పిల్ల. ఆలోచించి, "కాల్వల చెయ్యి పెట్టిండు" అంది.

"అయితే ఆయనతోని చేపిద్దాం. నేను నీకు చెప్త, నువ్వు ఆయనకు చెప్పు. కత్తెర వద్దు, చేతులున్నయి గదా. ముందుగాల ఒక బొప్పాయి ఆకు తెమ్మను."

పిల్ల అతని ముఖం చూడకుండా, అతని మోకాళ్ళతో చెప్పింది. "బొప్పాయి ఆకు తేవాలంట."

తన మాట తనే విని, తలాడించి, అతను మా గోడ పక్క బొప్పాయి చెట్టు దగ్గరికి వెళ్ళి, కాడతో సహా ఆకు విరుచుకొచ్చాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బొప్పాయి ఆకు కాడ గొట్టంలా ఉంటుంది కదా. చీలిన పెన్ను గొట్టం చోట అది సరిపోతుంది. చిన్నప్పుడు పశువుల వెంట తిరుగుతూ ఆ కాడలతో బూరలు చేసుకునేవాళ్ళమని తర్వాత చెప్పాడు. ఇరుసుకు అగరొత్తులు కాలిపోయాక మిగిలిన పుల్లలు ఏరి ఇమ్మని ఫోన్లో చెప్పాడు. పిల్ల ఏరి ఇచ్చింది. వాటిని కట్టగా పట్టుకుని, బంతిపూల దండలోంచి లాగిన దారంతో చుట్టాడు. దారం కొస పళ్ళతో కొరికాడు. "నానీ, పళ్ళు కూడా పనిముట్లేనా?" అని ఒక బిహారీ పిల్ల హిందీలో అడిగింది. కావని నేను తీర్పు చెప్పాను. ఆ రోజు ఎవరు కాదన్నా కొట్టేదాన్ని.

ఇప్పుడతను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. డంపర్ ఇద్దరి మధ్యా ఉంది. కాడను డబ్బా అడుగున కట్టాలి. ఒకరు పట్టుకుంటే గానీ ఇంకొకరు ముడి వేయలేరు.

"రెండు చేతులతోని పట్టు బిడ్డా" అన్నాడు.

పిల్ల ఫోన్ కింద పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది. నేల మీది ఫోన్లోంచి అదే మాట, అదే గొంతుతో, ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. "రెండు చేతులతోని పట్టు బిడ్డా."

పిల్ల ఫోన్ వంక చూసింది.

"కదలనియ్యకు" అన్నాడతను ముడి మీదే చూపు పెట్టి. "కదలనియ్యకు" అంది ఫోన్.

పిల్ల ఈసారి ఫోన్ వంక కాదు, అతని నోటి వంక చూసింది. రెండు ఫోన్లూ మరీ దగ్గరైనందుకేమో, కింద ఉన్నది కీచుమని అరవడం మొదలుపెట్టింది. అతను ఉలిక్కిపడి తల ఎత్తాడు. పిల్ల విసుగ్గా ముఖం చిట్లించింది. "అమ్మా, అది బంద్ చెయ్యి. ఊకె లొల్లి పెడ్తంది" అంది.

తల్లి వంగి ఫోన్ ఆపేసింది. అతని చెవి దగ్గర ఫోన్ మూగబోయింది. ఇక మాట్లాడాలంటే తన గొంతుతోనే మాట్లాడాలి, ఎదురుగా. అతనికి ఆ ధైర్యం రాలేదు. దారం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"గట్టిగ కట్టు నాన్నా" అంది పిల్ల. "మళ్ల ఊడిపోతది."

అతను కట్టాడు. కళ్ళు కనిపించకపోయినా చేతులకు ముడి తెలుసు. నేను ఏడ్చాను, దాచుకోవడానికేముంది? పిల్ల తల్లి అయితే తులసి కుండీ వైపు తిరిగి నిలబడిపోయింది. మొదటి బస్సు వెళ్ళిపోయినట్టు ఎవరికీ గుర్తు లేదు.

తర్వాతి బస్సులో కొండెక్కాం. కడిగిన డంపర్లు పచ్చగా మెరుస్తూ వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క టైరు మనిషికంటే ఎత్తు. పిల్ల తన బండిని చంకన పెట్టుకుని, నాన్న డంపర్ టైరు కింద వంగి చూసి, నలిగిన నిమ్మకాయను చూసి తృప్తిగా తలాడించింది. దింపుతూ ఎక్కిస్తూ అతను ఆ రోజంతా పిల్లను ఎత్తుకునే తిరిగాడు. నాకు మాత్రం మనసులో ఒక అనుమానం మిగిలింది. ఇవాళ ఇతను తెల్ల చొక్కాలో ఉన్నాడు, రేపు ఎర్రగా వస్తాడు కదా.

మర్నాడు షిఫ్టు దిగి, అలవాటు ప్రకారం మా గేటు తీసుకుని వచ్చి, చప్టా మీద కూర్చుని కొళాయి తిప్పాడు. నిలువెల్లా ఎరుపు. పిల్ల మా వరండా ముందు వాన తడికి నానిన మట్టిని డంపర్‌లో పోసి ఒంపుతోంది. అతన్ని చూసింది. నేను గంటెతోనే గుమ్మంలోకి వచ్చాను.

"నాన్నా, చక్రం వంకర పోతంది. చూడు" అంది.

"ఆగు బిడ్డా, చేతులు ఖరాబున్నయి. కడుక్కొని వస్త."

పిల్ల తన డంపర్ వంక చూసుకుంది. దాని పసుపు రంగు ఎక్కడా కనిపించడం లేదు. "ఇది గూడ ఖరాబే గదా" అని, దాన్ని తెచ్చి ఆ ఎర్ర చేతుల్లో పెట్టి, అతని ఒళ్ళో కూర్చుంది. నీళ్ళు ఊరికే పోతున్నాయి. నేనే వెళ్ళి కొళాయి కట్టేశాను.

అతని సబ్బు మా పిట్టగోడ మీద అలాగే ఉండిపోయింది. ఎండకు పగిలి, వానకు నాని, మళ్ళీ పగిలింది. నేను తీయలేదు. చలి రోజులు వచ్చాక ఒకనాడు పిల్ల పడవ చేయడానికి డొల్ల వస్తువు వెతుకుతూ గోడ మీది కొబ్బరి చిప్పను చూసింది.

"అమ్మమ్మా, ఇది ఎవరిది?"

"ఎర్రాయనది" అన్నాను.

"ఎర్రాయన ఎవరు?" అంది పిల్ల.

నేను దాని ముఖంలోకి చూశాను. నిజంగానే అడుగుతోంది. "ఇదివరకు రోజూ వచ్చి ఇక్కడ ఒళ్ళు కడుక్కుని పోయేవాడులే. ఇప్పుడు రావడం లేదు" అన్నాను. అయితే ఇది మనదే అని పిల్ల తేల్చేసి, ఎండిన సబ్బును గోడ అవతలికి విసిరేసి, చిప్ప తీసుకుని కొళాయి దగ్గరికి పరిగెత్తింది.